బీరువా తాళం ఎవరి దగ్గర?

మా మేనత్త 2012లో మా నాన్న మీద పంపకాల దావా వేసింది. పెద్ద అంబర్‌పేట్‌లో ముత్తాత నుంచి వచ్చిన నాలుగెకరాల చెల్క గురించి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చి విజయవాడ హైవేని కలిసే చోటు అది. జొన్న కూడా సరిగా పండని ఆ నేల లెక్క ఎకరాల నుంచి గజాలకి మారిపోయింది. "పెండ్లప్పుడు పసుపుకుంకుమ కింద పెట్టినం గద, ఇంకేం పెట్టాలె?" అన్నాడు నాన్న. "పంపకం ఎప్పుడైందో కాయితం చూపియ్యి అన్నా" అంది అత్త. ఈ వ్యాసం ఆ కాయితం గురించే.

ఆస్తిహక్కు గురించి మనం చాలానే రాసుకున్నాం, మాట్లాడుకున్నాం. కానీ హక్కు ఇచ్చే చట్టాల్ని చదివినంత శ్రద్ధగా, ఆ హక్కుని కోర్టులో రుజువు చేసుకునే పద్ధతిని చెప్పే చట్టాన్ని చదవలేదనిపిస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ అంటే లాయర్ల గొడవ అనుకుని వదిలేశాం. స్త్రీలు ఎక్కువగా ఓడిపోయేది అక్కడే.

హక్కు సంగతి ముందు చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా, కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. అయితే అప్పటికే పెళ్లయినవాళ్లకి లేదంది. అత్త పెళ్లి 1979లో జరిగింది. 2005 కేంద్ర సవరణ ఆ అడ్డు తీసేసింది. కానీ 2004 డిసెంబర్ 20కి ముందే జరిగిపోయిన పంపకాలని కదిలించకూడదంది. ఇక చూడండి, ఎన్ని కుటుంబాల్లో ఎన్ని పాత "నోటిమాట పంపకాలు" పుట్టుకొచ్చాయో! మా నాన్న జవాబుదావాలో కూడా, తాత బతికుండగానే 1998లో నోటిమాటగా పంచుకున్నామని ఉంది. నోటిమాట పంపకాన్ని అంత తేలిగ్గా నమ్మడానికి వీల్లేదనీ, దానికి ప్రభుత్వ రికార్డుల దన్ను ఉండాలనీ సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న చెప్పింది. మంచి తీర్పు. కానీ అది వచ్చేసరికి అత్త ఎనిమిదేళ్లుగా వాయిదాలకి తిరుగుతోంది.

పహాణీ నకళ్లు ఎవరైనా తెచ్చుకోవచ్చు. తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ భూమి తగాదాలకి పునాదిరాయి లాంటిది. అత్త అదీ తెచ్చుకుంది. మరి సాదాబైనామాలు, అప్పు కాగితాలు, రియల్ ఎస్టేట్ వాళ్లతో రాసుకున్న అగ్రిమెంట్లు? అవన్నీ అన్నదమ్ముల బీరువాల్లో ఉంటాయి. ఆ బీరువా తెరిపించడానికే చట్టంలో 'డిస్కవరీ' ఉంది. ఇంగ్లండులో ఛాన్సరీ కోర్టులు పెంచిన పద్ధతి ఇది. మన 1908 కోడ్‌లో ఆర్డర్ 11గా స్థిరపడింది, 1951లో హైదరాబాద్ ప్రాంతానికీ వచ్చింది. దీని ప్రకారం ఎదుటి పక్షానికి రాతపూర్వకంగా ప్రశ్నలు వేయవచ్చు, నీ దగ్గరున్న కాగితాలేవో ప్రమాణం చేసి చెప్పమనవచ్చు, వాటిని చూపించమనవచ్చు. కోర్టు ఆదేశించినా చూపించకపోతే రూలు 21 కింద శిక్ష ఉంది. వాది అయితే దావా కొట్టేయవచ్చు. ప్రతివాది అయితే అతని వాదననే తీసేయవచ్చు.

కాగితం మీద ఎంత గట్టిగా ఉందో! సుప్రీంకోర్టు 1968లో గోపాలకృష్ణాజీ కేట్కర్ కేసులో, రుజువు చేసే బాధ్యత తనది కాకపోయినా అసలైన సాక్ష్యం చేతిలో ఉన్నవాడు దాన్ని దాస్తే, అది అతనికి వ్యతిరేకమని అనుకోవచ్చంది. 1972లో ఎం.ఎల్. సేథీ కేసులో, వివాదం మీద వెలుగు పడేసే కాగితమైతే చాలు, చూపించమనవచ్చంది. కానీ 1978లో బబ్బర్ సూయింగ్ మెషీన్ కంపెనీ కేసులో, ప్రతివాది వాదన తీసేయడం ఆఖరి అస్త్రం, కావాలని మొండికేస్తేనే వాడాలి అంది. వాదించే అవకాశం తీసేయడం చిన్న శిక్ష కాదు కాబట్టి న్యాయమే. ఐతే "కావాలని" అన్నది ఎలా తేలుతుంది? "నా దగ్గర లేవు" అని ఒక్క అఫిడవిట్ ఇస్తే సరిపోతుంది. మా నాన్న అదే ఇచ్చాడు.

దాచిన కాగితాలకి శిక్ష ఎలా ఉంటుందో ప్రపంచానికి చూపిన కేసు కూడా ఒక స్త్రీదే. న్యూయార్క్‌లో లారా జుబులేక్ అనే ఉద్యోగిని, స్త్రీని కాబట్టే తనపై వివక్ష చూపారని యూబీఎస్ వార్‌బర్గ్ మీద దావా వేసింది. భద్రపరచమని చెప్పిన తర్వాత కూడా కంపెనీ ఉద్యోగులు కొన్ని ఈమెయిళ్లు చెరిపేశారు. 2004లో జడ్జి షిరా షైండ్లిన్, ఆ చెరిపేసిన వాటిలో కంపెనీకి వ్యతిరేకమైన విషయం ఉందని జ్యూరీ అనుకోవచ్చని చెప్పింది. 2005లో జ్యూరీ రెండు కోట్ల తొంభై లక్షల డాలర్లకు పైగా ఇవ్వమంది. ఇవాళ కంపెనీల లాయర్లు చదివే ఎలక్ట్రానిక్ డిస్కవరీ పాఠాల్లో ముఖ్యమైనవి ఒక స్త్రీ వేసిన దావాలో, ఒక స్త్రీ రాసిన తీర్పుల్లో ఉన్నాయి. ఆ తర్వాత 2015లో అక్కడి నియమాలు మారి, కావాలని పోగొట్టారని తేలితేనే అలా అనుకోవాలన్నాయి.

మన దేశంలో అదే 2015లో వచ్చిన కమర్షియల్ కోర్టుల చట్టం, తమకి వ్యతిరేకమైన కాగితాలు కూడా ఎవరూ అడగకుండానే మొదట్లోనే బయటపెట్టాలంది. భరణం కేసుల్లో 2020లో రజనీష్ వర్సెస్ నేహా తీర్పు, ఇద్దరూ ఆస్తిపాస్తులు అఫిడవిట్‌లో చెప్పాలంది. కావాలని సాగదీసే భర్త వాదనని తీసేయవచ్చంది. అంటే వ్యాపారికి వ్యాపారి చూపించాలి, భర్త భార్యకి చూపించాలి. మరి అన్న చెల్లెలికి? పంపకాల దావా వేసిన కూతురు ఇప్పటికీ దరఖాస్తు పెట్టుకుని, వాయిదాలు లెక్కపెట్టుకుని, ఏ కాగితం ఉందో తెలియకుండానే దాన్ని అడగాలి. కంపెనీల మధ్య అపనమ్మకాన్ని చట్టం ఒప్పుకుంది. కుటుంబంలో అపనమ్మకాన్ని ఒప్పుకోవడానికి మాత్రం జంకుతోంది.

2021లో నా సర్టిఫికెట్ కోసం వెతుకుతుంటే నాన్న బీరువాలో ఒక అప్పు దరఖాస్తు నకలు దొరికింది. 2003 నాటిది. నాలుగెకరాలూ పంపకం కాని ఉమ్మడి భూమి అని రాసి, కింద తాత వేలిముద్ర. అత్త పేరు పెట్టి అడిగిన కాగితం అది. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. నాన్న 2006లో మరో చోట ఉన్న అరెకరం అమ్మి నన్ను చదివించాడు. స్త్రీల రచనల్లో మౌనాల గురించి నేను రాసిన సిద్ధాంత గ్రంథం ఆ డబ్బుతోనే పూర్తయింది. ఆ అరెకరంలో అత్త వాటా ఎంతో అప్పుడు నేను అడగలేదు.

జిరాక్స్ తీసి అత్తకి ఇచ్చాను. కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయింది. అత్తకి ఎకరం వచ్చింది. తప్పుడు అఫిడవిట్ గురించి ఎవరూ అడగలేదు, రాజీలో అత్తే వద్దంది. నాన్న నాతో ఏడాది మాట్లాడలేదు.

ప్రతి ఇంట్లోనూ బీరువాలో వెతికే కూతురు ఉండదు. ఉండాల్సిన అవసరమూ ఉండకూడదు. కమర్షియల్ దావాలకి ఇచ్చిన నియమాన్ని పంపకాల దావాలకీ ఇవ్వమని అడగడం పెద్ద కోరికేం కాదు. తాళం అన్నల దగ్గరే ఉన్నంతకాలం, 1986 అయినా 2005 అయినా అత్తకి గోడమీది కేలెండర్లే.