కన్ను ముందు, కీళ్లు తర్వాత

అనంతపురం జిల్లా విడపనకల్లు నల్లరేగడి చేలల్లో పనిచేసేవాళ్ల కన్ను ఎర్రబడితే తప్పు దుమ్ముదో, మిరప ఘాటుదో, ఎండదో అనుకుంటారు. మందుల షాపులో చుక్కలు తెచ్చి వేసుకుంటారు. చాలాసార్లు తగ్గిపోతుంది కూడా. అయితే ఒక్క కన్నే ఎర్రబడి, లోపల నొప్పెట్టి, వెలుతురు చూడలేకపోయి, కొన్ని నెలలకు మళ్లీ తిరగబెడితే దాన్ని కళ్లకలకగా కొట్టిపారేయకూడదు. కంటి మధ్య పొర వాచే యువియైటిస్ కావచ్చు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి ఒంటిమీదే తిరగబడిందనడానికి కొందరిలో ఇదే తొలి గుర్తు.

కంటికీ మిగతా ఒంటికీ ఉన్న ఈ బంధాన్ని బయటపెట్టినవాళ్లలో కంటి వైద్యులు ముందున్నారు. స్వీడన్ కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో కళ్లు పొడిబారిన 19 మంది స్త్రీలను పరిశీలించి, వారిలో 13 మందికి కీళ్లవాతం ఉందని రాశారు. ఆ సిద్ధాంత గ్రంథానికి అప్పట్లో పెద్ద గౌరవం దక్కలేదు. ఇప్పుడా జబ్బుకు ఆయన పేరే ఉంది. 1937లో టర్కీ చర్మవైద్యుడు హులుసి బెహ్చెట్ నోటిపూతనూ కంటివాపునూ ఒకే జబ్బు కింద చేర్చారు. 1948లో కార్టిజోన్ వాడకం మొదలై వాపును అణిచే మందు దొరికింది. 1973లో హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యు గుర్తుకు వెన్ను బిగిసే స్పాండిలైటిస్‌తోనూ యువియైటిస్‌తోనూ సంబంధం ఉందని తేలింది. ఈ కథలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఈ చివరి మలుపే. ఎర్రకన్నుతో వచ్చిన మనిషిని నడుం గురించి అడగడానికి అది గట్టి కారణమిచ్చింది.

మన దేశంలో 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం ప్రధానంగా శుక్లాల మీద పనిచేసింది. అప్పటి అవసరం అదే, తప్పుపట్టలేం. 2019 అక్టోబర్ 10న అనంతపురంలోనే ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కంటి వెలుగు పథకం కూడా ముందు బడిపిల్లలను, 2020లో అరవై దాటిన అవ్వాతాతలను చూసింది. స్పాండిలైటిస్ మొదలయ్యేది సాధారణంగా ఇరవై, ముప్పై ఏళ్ల వయసులో. ఆ వయసువాళ్లు ఈ రెండు వరసల్లోనూ లేరు.

అనంతపురం జిల్లాలో ఇంకో చిక్కుంది. ఫ్లోరైడ్ నీళ్లు కూడా వెన్నును బిగిస్తాయి. అందుకే నడుం పట్టేస్తోందంటే నీళ్ల మీదికో, కూలిపని మీదికో నెట్టేయడం తేలిక. పనివల్ల వచ్చే నొప్పి విశ్రాంతితో తగ్గుతుంది. స్పాండిలైటిస్ నొప్పి పడుకుంటే పెరిగి, తెల్లారి బిగుసుకుపోయి, నాలుగడుగులు వేస్తే సడలుతుంది.

అనంతపురం వెళ్లినా బళ్లారి వెళ్లినా కంటి డాక్టరుకు మీ నడుం, కీళ్లు, నోటిపూతల సంగతి కూడా చెప్పండి. స్టెరాయిడ్ చుక్కలు మాత్రం సొంతంగా కొని వేసుకోవద్దు. అవి ఎరుపును తగ్గిస్తూనే కంటిలో ఒత్తిడి పెంచి చూపును దెబ్బతీయగలవు.