ఇనుగుర్తి అన్నదమ్ముల "తెనుగు"

తెలుగు పత్రికల చరిత్ర అనగానే మద్రాసు, బెజవాడ, హైదరాబాదు... ఈ మూడు ఊళ్ళ దగ్గరే ఆగిపోతుంటాం. ఇనుగుర్తి పేరు ఎంతమంది విన్నారు చెప్పండి? ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో, కేసముద్రం దగ్గరి పల్లెటూరు. 1922 ఆగస్టులో ఆ ఊరి నుంచి "తెనుగు" అనే వారపత్రిక మొదలైంది. నడిపింది ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అనే అన్నదమ్ములు. అదే నెలలో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారి "నీలగిరి" వచ్చింది. సురవరం ప్రతాపరెడ్డి గారి "గోలకొండ" రావడానికి అప్పటికింకా నాలుగేళ్ళు ఉంది (1926).

అప్పటి పరిస్థితి కూడా కాస్త చూడాలి. నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆంధ్ర జనసంఘం పుట్టింది ఆ అవమానంలోంచే. ఏడాది తిరక్కుండానే ఒక పల్లెటూళ్ళో తెలుగు పత్రిక!

పత్రిక అంటే రాయడం ఒక్కటే కాదు కదా. వార్తలు పోగు చెయ్యాలి, అక్షరాలు పేర్చాలి, ప్రూఫులు దిద్దాలి, అచ్చు వెయ్యాలి, పంపాలి. ఊళ్ళోనే ప్రెస్సు పెట్టుకుని ఈ పనుల్లో చాలా భాగం అన్నదమ్ములే చేసుకున్నారు. పైగా వడ్రంగం, కమ్మరం లాంటి చేతిపనులు కూడా నేర్చినవాళ్ళు. విజ్ఞాన ప్రచారిణి గ్రంథమాల పేరుతో పుస్తకాలూ వేశారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు "ఫుల్ స్టాక్" అని మురిసిపోతాం గానీ, అసలు ఫుల్ స్టాక్ వీళ్ళది :)

"తెనుగు" నడిచింది కొన్నేళ్ళే. "గోలకొండ" దశాబ్దాల పాటు నడిచింది. 354 మంది కవులతో 1934లో "గోలకొండ కవుల సంచిక" తెచ్చింది. "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"కి 1955లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. సురవరం వారిని అందరూ తలుచుకుంటారు, తలుచుకోవాలి కూడా. నా పేచీ అది కాదు. ఎక్కువకాలం నడిచినదాన్నే చరిత్ర అనుకుంటే, ముందుగా ముళ్ళు ఏరినవాళ్ళ సంగతేంటి? పట్నం దన్ను లేని పత్రిక త్వరగా ఆగిపోవడంలో వింతేమీ లేదు. అసలు మొదలవడమే వింత.

మానుకోట, జనగామ, భూపాలపల్లి వైపు మిత్రులకి ఓ మనవి. మీ ఇంటి అటక మీద పాత కాగితాలుంటే తూకానికి వెయ్యకండి. ముందు ఫోనుతో ఫొటోలు తీసి పెట్టండి. అందులో "తెనుగు" ఉండదని ఎవరు చెప్పగలరు?