జూదశాలలో పాటకు ధర

అమెరికాలో ఒకప్పుడు పెద్ద పెద్ద అరీనాలు నింపి, ఇప్పుడు వయసు మీదపడిన రాక్ బృందాలు ఎక్కువగా పాడుతున్న చోట్లలో క్యాసినోలు ముఖ్యమైనవి. స్టిక్స్, కాన్సస్, త్రీ డాగ్ నైట్ లాంటి పేర్లు క్యాసినో థియేటర్ల బోర్డుల మీద ఏటా కనిపిస్తూనే ఉంటాయి. ఈ కచేరీల టిక్కెట్ల ధర మాత్రం ఒక పట్టాన అంతుబట్టదు. అమ్మకం మొదలైన రోజు చూస్తే ధర ఆకాశంలో ఉంటుంది, నెల తిరిగినా సగం సీట్లు అలాగే ఉంటాయి, తీరా కచేరీ రోజుకు హాలు ఎలాగో నిండుతుంది. క్యాసినోలో పాట తన కాళ్ల మీద తాను నిలబడిన సందర్భాలు తక్కువ. దాని ఖర్చు ఎవరి జేబులోంచి రావాలన్న విషయంలో 80 ఏళ్లుగా జరిగిన మార్పులే ఈ గందరగోళానికి మూలం.

నెవాడా రాష్ట్రం జూదాన్ని చట్టబద్ధం చేసింది 1931లో. లాస్ వేగస్ ఊరి బయట రహదారి పక్కన, తరువాత స్ట్రిప్‌గా పేరుపడిన చోట, మొదటి హోటల్ క్యాసినో ఎల్ రాంచో వేగస్ 1941లో వెలిసింది. 1946 డిసెంబరు 26న బగ్సీ సీగల్ అనే గ్యాంగ్‌స్టర్ ఫ్లమింగో తెరిచాడు. ప్రారంభానికి హాస్యనటుడు జిమ్మీ డ్యూరాంటీని, జేవియర్ కుగాట్ బ్యాండును రప్పించాడు. తారలైతే వచ్చారు గానీ హోటల్ గదులు తయారు కాలేదు. ఫ్లమింగోలో గెలిచినవాళ్లు ఆ డబ్బుతో వేరే హోటళ్లకు వెళ్లి పడుకుని, అక్కడి బల్లల దగ్గరే ఆడుకున్నారు. కొన్ని వారాల్లోనే క్యాసినో మూతపడి, గదులు సిద్ధమయ్యాక మళ్లీ తెరుచుకుంది. పాట జనాన్ని గుమ్మం దాకా తేగలదు, లాభం మాత్రం వాళ్లను లోపల నిలబెట్టుకోవడంలోనే ఉందని ఈ ఊరికి తొలినాళ్లలోనే తెలిసొచ్చింది.

1950లలో ఈ సూత్రం మీదే షోరూంలు నడిచాయి. 1955లో రివియెరా హోటల్ పియానో కళాకారుడు లిబరాచీకి వారానికి 50,000 డాలర్లు ఇచ్చింది. ఆ రోజుల్లో అది దిమ్మతిరిగే మొత్తం. చూసేవాడు మాత్రం ప్రత్యేకంగా టిక్కెట్టు కొనేవాడు కాదు. భోజనానికో, రెండు గ్లాసుల మద్యానికో బిల్లు కడితే చాలు, ప్రదర్శన చూడొచ్చు. సీట్లకు నంబర్లు ఉండేవి కావు. వేదికకు దగ్గరి బల్ల కావాలంటే, సీట్లు చూపించే పెద్దమనిషి చేతిలో మడిచిన నోటు పెట్టాలి. అసలు ధర ఏదైనా ఉందంటే ఆ నోటే, అదీ హోటల్ ఖాతాలోకి చేరేది కాదు. మిగిలిన ఖర్చంతా జూదం బల్లల మీద పోగొట్టుకునేవాళ్లు తమకు తెలియకుండానే భరించేవారు.

1956 ఏప్రిల్‌లో ఇరవై ఒక్క ఏళ్ల ఎల్విస్ ప్రెస్లీని న్యూ ఫ్రాంటియర్ హోటల్ రెండు వారాలకు పిలిచింది. దేశమంతా ఊగిపోతున్న కుర్రాడికి ఇక్కడి చప్పట్లు అంతంతమాత్రం. ఎదురుగా కూర్చున్నది అతని అభిమానులు కాదు, భోంచేస్తున్న నడివయసు జూదరులు. అప్పట్లో పాడేవాడు కుర్రాడు, వినేవాళ్లు పెద్దవాళ్లు. ఈ రోజుల్లో ఇద్దరూ ఒకే ఈడువాళ్లు.

పాత పద్ధతి 1960ల చివర మారిపోయింది. కోటీశ్వరుడు హోవర్డ్ హ్యూస్ 1967లో డెజర్ట్ ఇన్‌తో మొదలుపెట్టి వరసగా క్యాసినోలు కొన్నాడు. ఆయన చేతికొచ్చిన వాటిలో ఫ్రాంక్ సినాట్రా ఏళ్ల తరబడి పాడిన శాండ్స్ ఒకటి. ఎంత పెద్ద గాయకుడైనా అప్పు మీద జూదమాడే సౌకర్యం ఇక ఉండదని కొత్త యాజమాన్యం తేల్చేసింది. మండిపడిన సినాట్రా ఆ సెప్టెంబరులో క్యాసినో మేనేజరు కార్ల్ కోహెన్‌తో గొడవపడి, ముఖం మీద గుద్దు తిని, పళ్ల తొడుగులు పోగొట్టుకున్నాడు. ఆ తరువాత సీజర్స్ ప్యాలెస్‌కు మారిపోయాడు. షేర్లు అమ్మే పెద్ద కంపెనీలు క్యాసినోలు నడుపుకునేలా నెవాడా 1969లో చట్టాన్ని సడలించింది. వాటాదారులకు లెక్క చెప్పాల్సిన కంపెనీ కాబట్టి హోటల్ గది, భోజనం, షోరూం దేనికది ఆదాయ వ్యయాలు విడిగా చూపించాల్సి వచ్చింది. పాటకు ఖాతా పుస్తకంలో సొంత పద్దు పడింది అప్పుడే.

1969 జూలై 31న ఎల్విస్ కొత్తగా కట్టిన ఇంటర్నేషనల్ హోటల్‌కు తిరిగొచ్చాడు. సుమారు 2,000 సీట్ల హాలు, రోజుకు రెండు ప్రదర్శనలు, మనిషికి కనీసం 15 డాలర్లు, అందులోనే భోజనం. నాలుగు వారాల్లో 57 ప్రదర్శనలు ఇచ్చాడు, 1976 డిసెంబరు దాకా అదే హోటల్లో 636 సార్లు పాడాడు. షోరూం కూడా లాభం తేగలదని దీంతో రుజువైంది. అయితే ఎల్విస్ అందరికీ దొరకడుగా. మరో పక్క రాక్ బృందాల్లో చాలా కాలం ఒక నమ్మకం పాతుకుపోయింది: వేగస్‌లో పాడటమంటే పదవీ విరమణ ప్రకటించుకోవడమేనని. హార్డ్ రాక్ హోటల్ 1995లో ‘ది జాయింట్’ హాలును ఈగల్స్ బృందంతో ప్రారంభించాకే ఆ బెరుకు తగ్గుతూ వచ్చింది.

ఈలోగా క్యాసినోలు నెవాడా దాటాయి. న్యూజెర్సీ ఓటర్లు 1976లో అనుమతిస్తే, అట్లాంటిక్ సిటీలో మొదటి క్యాసినో 1978 మేలో తెరుచుకుంది. ఫ్లోరిడాలో సెమినోల్ అనే అమెరికన్ ఇండియన్ తెగవారు 1979లో భారీ పందేల బింగో హాలు పెట్టారు. తెగల భూముల్లో ఇలాంటి ఆటలను రాష్ట్రాలు నియంత్రించలేవని 1987లో సుప్రీంకోర్టు కాలిఫోర్నియాకు చెందిన కబజాన్ తెగ కేసులో తీర్పిచ్చింది. మరుసటి ఏడాది అమెరికన్ ఇండియన్ తెగల జూద వ్యాపారానికి కాంగ్రెసు ప్రత్యేక చట్టం చేసింది. కనెటికట్ అడవుల్లో 1992లో ఫాక్స్‌వుడ్స్, 1996లో మొహీగన్ సన్ లేచాయి. 2001లో మొహీగన్ సన్ దాదాపు 10,000 సీట్ల అరీనా కట్టింది. బింగోతో మొదలైన సెమినోల్ తెగ 2007లో ఏకంగా హార్డ్ రాక్ సంస్థనే కొనేసింది.

పెద్ద నగరాలకు దూరంగా ఉన్న ఈ క్యాసినోలకు తారలు కావాలి, అదీ ప్రతి వారాంతం కావాలి. పాత పాటలతో ఇప్పటి రేడియోలో చోటు దొరకని బృందాలకు హాళ్లు కావాలి. ఇద్దరి అవసరమూ కలిసింది. అమెరికా కచేరీ వ్యాపారంలో రెండు రకాల అమ్మకాలున్నాయి. ఫలానా బృందం కోసమే జనం డబ్బు పెట్టి కొనే దాన్ని హార్డ్ టిక్కెట్టు అంటారు. రాష్ట్ర సంతల్లో, క్యాసినోల్లో బృందానికి ఒక మొత్తం గ్యారంటీగా ఇచ్చి రప్పిస్తే అది సాఫ్ట్ టిక్కెట్టు. సురభి వాళ్ల నాటకానికి టిక్కెట్టు కొని వెళ్లడానికీ, తిరునాళ్లకు వెళ్లి అక్కడ కమిటీ పెట్టించిన నాటకం చూడటానికీ ఉన్న తేడా ఇది. గ్యారంటీ పుచ్చుకున్న బృందానికి హాలు నిండినా నిండకపోయినా రావాల్సింది వస్తుంది. నష్టం భయమంతా పిలిచినవాడిదే.

ఆ భయం ఎంతో ఊహాలెక్క ఒకటి వేసి చూడవచ్చు. 1,500 సీట్ల క్యాసినో థియేటరుకు వచ్చే బృందం గ్యారంటీ లక్ష డాలర్లు, లైట్లు, సౌండు, సిబ్బంది, బస, ప్రచారం కలిపి మరో 30,000 అనుకుందాం. హాలంతా అమ్ముడైతే సగటు టిక్కెట్టు 87 డాలర్లకు ఖర్చు గిట్టుతుంది. 900 సీట్లే పోతాయనుకుంటే సుమారు 144 డాలర్లకు అమ్మాలి. అదే 900 సీట్లు సగటున 60 డాలర్లకు పోతే వచ్చేది 54,000, తరుగు 76,000. మామూలు హాలు యజమాని ఇక్కడ మునిగిపోతాడు. క్యాసినోకు మిగిలిన 600 సీట్లున్నాయి. వాటిని జూదరులకు ఉచితంగా పంచి, ఆ రాత్రి ఒక్కొక్కరి దగ్గర సగటున 127 డాలర్లు గెలుచుకుంటే లెక్క సరిపోతుంది.

ఈ ఉచిత సీటును కాంప్ అంటారు. అదేమీ దానధర్మం కాదు. ఆటగాడు సభ్యత్వ కార్డును స్లాట్ యంత్రంలో పెట్టగానే పందెం ఎంత, ఎంతసేపు ఆడాడు అన్నది కంప్యూటరుకు ఎక్కుతుంది. పందెం మొత్తాన్ని యంత్రంలో క్యాసినోకు మిగిలే శాతంతో గుణిస్తే, సగటున అతను పోగొట్టుకోవాల్సిన సొమ్ము తేలుతుంది. వ్యాపారంలో దాని పేరు థియో. అందులో కొంత భాగం భోజనం, గది, కచేరీ సీటు రూపంలో వెనక్కి వస్తుంది. మంచి సీట్లు కొన్ని మొదటినుంచీ ఇలాంటివాళ్ల కోసం పక్కన పెట్టడం మామూలే. బయటివాడికి కనిపించేది మిగిలిన సీట్లు, వాటి మీద ముద్రించిన ధర. ఉచితంగా ఇచ్చే వస్తువు మీద పెద్ద ధర ముద్రించి ఉంటే బహుమతి విలువా పెద్దదిగానే కనిపిస్తుంది కాబట్టి, ఆ ధర తగ్గించడానికి క్యాసినోకు తొందర ఉండదు.

క్యాసినోలు ఇలా విస్తరిస్తున్న కాలంలోనే కచేరీ ధరలు దేశమంతా పెరిగాయి. 1994లో ఈగల్స్ మళ్లీ కలిసి చేసిన యాత్రలో టిక్కెట్టు 100 డాలర్లు దాటడం అప్పట్లో పెద్ద వార్త. 1996 నుంచి 2003 మధ్య సగటు కచేరీ టిక్కెట్టు 82 శాతం పెరిగితే, మామూలు ధరల సూచీ పెరిగింది 17 శాతమేనని ఆర్థికవేత్త ఆలన్ క్రూగర్ లెక్కకట్టారు. 1999లో ఇంటర్నెట్లో నాప్‌స్టర్ వచ్చి పాటలు ఉచితంగా చేతులు మారడం మొదలయ్యాక రికార్డుల రాబడి పడిపోయింది. ఇక కళాకారుడికి కచేరీయే దిక్కు. సంగీతం కుళాయి నీళ్లలా, కరెంటులా మారిపోతుందని, మిగిలేది వేదికేనని గాయకుడు డేవిడ్ బోవీ 2002లోనే అన్నాడు. 2003 మార్చిలో సీజర్స్ ప్యాలెస్ 4,000 పైచిలుకు సీట్లతో కట్టిన కొలోసియంలో గాయని సెలీన్ డియాన్ మొదలుపెట్టిన ప్రదర్శన 2007 డిసెంబరు దాకా 700 పైచిలుకు సార్లు ఆడింది. క్యాసినోలో టిక్కెట్టు సొమ్మే ప్రధాన ఆదాయమైన ఈ నమూనాను చూసి, ఊరూరి క్యాసినోలూ ధరలు పైకి జరిపాయి. సెలీన్‌కు ఉన్న గిరాకీ అన్ని బృందాలకూ ఉంటుందా అన్న ప్రశ్న ఎవరూ గట్టిగా వేసినట్టు లేదు.

గిరాకీ మందగించడానికి కారణాలు దాపరికమేమీ కాదు. పెన్సిల్వేనియాలాంటి రాష్ట్రాలు 2004 తరువాత క్యాసినోలను అనుమతించడంతో ఒకే బృందాన్ని పిలిచే హాళ్లు పెరిగాయి. ఫలానా దూరంలో, ఫలానా నెలల్లోపు మరో చోట పాడకూడదని ఒప్పందాల్లో షరతు రాసుకున్నా, ఏడాది తిరిగేసరికి అదే బృందం అదే చుట్టుపక్కల ప్రత్యక్షమవుతుంది. అవే పాటలు, అదే వరస. నిరుడు చూసినవాడు ఈ ఏడు ఆగుతాడు. అతనికి ఆగడం వల్ల నష్టం లేకపోగా లాభమే ఉంది. కచేరీ దగ్గరపడేకొద్దీ పక్కన పెట్టిన సీట్లు అమ్మకానికి వస్తాయి, సభ్యులకు రాయితీ వస్తుంది, చివరికి కాంప్ కూడా రావచ్చు. మొదటి రోజే 120 డాలర్లు పెట్టి కొన్నవాడు తన పక్క సీటులో ఉచితంగా వచ్చినవాణ్ణి చూస్తే వచ్చే ఏడాది అతనూ ఆగుతాడు. నెమ్మది అమ్మకాన్ని సరిదిద్దడానికి ఇచ్చిన రాయితీయే తరువాతి అమ్మకాన్ని ఇంకా నెమ్మది చేస్తుంది.

పేరున్న బృందంలో అసలు సభ్యులు ఎందరున్నారన్నది మరో చిక్కు. కొన్ని బృందాల్లో ఒకరిద్దరే మిగిలారు, కొన్నిట్లో ఒక్కరూ లేరు. అసలు బృందంతో సంబంధం లేనివాళ్లు పాత పేరు పెట్టుకుని పాడకుండా పెన్సిల్వేనియా 2005లో ఒక చట్టం చేసింది. షా నా నా బృందంలో పాడిన జాన్ బౌమన్ ఊరూరా తిరిగి ప్రచారం చేయడంతో చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. చట్టబద్ధంగా పేరు హక్కున్నవాళ్లకు దీనివల్ల ఇబ్బంది లేదు. ధర విషయంలో మాత్రం శ్రోత తన లెక్క తాను వేసుకుంటాడు.

ముద్రించిన ధర మీద సర్వీసు చార్జీలు, హాలు రుసుములు చివరి పేజీలో కలపడం మీద చిరకాలంగా ఉన్న ఫిర్యాదుకు 2025లో కొంత పరిష్కారం దొరికింది. తప్పనిసరి రుసుములన్నీ కలిపిన మొత్తాన్ని మొదటే చూపించాలన్న అమెరికా కేంద్ర వాణిజ్య కమిషన్ నిబంధన ఆ ఏడాది మే 12న అమల్లోకి వచ్చింది. అది కచేరీ టిక్కెట్లకూ, హోటల్ గదులకూ వర్తిస్తుంది. ఈ రెండూ అమ్మే క్యాసినోలు రెండు చోట్లా అసలు అంకె బయటపెట్టాల్సి వచ్చింది. సభ్యత్వ కార్డు వెనుక జరిగే కాంప్ లెక్కలు మాత్రం ఆ నిబంధన పరిధిలోకి రావు.