ధావకుడు శ్రీరామసింగు

అమరకోశమునందు అతివేగము గలవానికి జంఘాలుడనియు, కాలిబలముచే జీవించు వార్తాహరునకు జాంఘికుడనియు వేర్వేఱు నామములు గలవు. ఒకనికి జవము ప్రధానము, వేఱొకనికి దమ్ము ప్రధానము. ఎనిమిదివందల మీటరుల పందెమున ఈ రెండును గావలయును. కావుననే అది పరుగులన్నింటిలో కష్టతరమైనదని మా తలంపు. అట్టి పందెమున మన దేశమునకు కీర్తి దెచ్చిన శ్రీరామసింగు చరిత్రమును సభ్యమహాశయులకు మనవి చేయుచున్నాము.

ఇతడు 1948వ సంవత్సరమున రాజస్థానమునందలి బడ్‌నగరు గ్రామమున జన్మించెను. 1968లో రాజపుతానా రైఫిల్సు అను సైనికదళమున జేరి, ఇలియాస్ బాబరు అను గురువుకడ శిక్షణము నొందెను. ఆసియా క్రీడలయందు 1970లో రజతపతకమును, 1974లో టెహరానునందును 1978లో బ్యాంకాకునందును స్వర్ణపతకములను గడించెను. అర్జున పురస్కారమును, పద్మశ్రీ బిరుదమును బడసెను. ఇంతమాత్రమే యైనచో మేమీ వ్యాసమునకు పూనుకొనియుండము.

1976వ సంవత్సరము జూలై 25వ తేదీన మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో తుదిపందెము జరిగెను. ఒరుల వెనుక నిలిచి బలము దాచుకొని కడపట దూకుట ఈ పందెమున పలువురు పన్ను యుక్తి. ముందుండువాడు గాలికెదురొడ్డి వెనుకవారికి త్రోవ చేయవలసియుండును. శ్రీరామసింగు ఆ భారమును తానే వహించెను. మొదటి చుట్టు, అనగా నాలుగువందల మీటరులు, 50.85 సెకండ్లలో ముగించి యందఱికంటె ముందుండెను. రెండవ చుట్టున శక్తి యుడిగెను. ఒకరివెంట నొకరు దాటిపోయిరి. క్యూబా దేశీయుడగు అల్బెర్టో హువాంతొరేనా 1 నిమిషము 43.50 సెకండ్లలో గమ్యము జేరి ప్రపంచ రికార్డును నెలకొల్పెను. మనవాడు 1 నిమిషము 45.77 సెకండ్లలో ఏడవవాడుగా వచ్చెను.

ఇది అవివేకమని కొందఱందురు. మేమట్లనుటకు జంకుచున్నాము. ఆ తొలిచుట్టు వేగమే తనకు రికార్డు నిచ్చినదని గెలిచినవాడే యొప్పుకొనెను. ఇంతియకాదు, ఓడిన యా పందెమున శ్రీరామసింగు పరుగెత్తిన కాలమే భారతదేశపు రికార్డై 42 ఏండ్లు నిలిచెను. 2018లో గౌహతియందు జిన్సన్ జాన్సన్ 1 నిమిషము 45.65 సెకండ్లలో పరుగెత్తి దానిని దాటెను. అంతరము సెకండులో నూటికి పండ్రెండు పాళ్లు.

మేము పాఠశాలలో ఆటలపోటీల పట్టిక వ్రాయునప్పుడు మూడు పేరులతో ముగించుచుండెడివారము. ఏడవవాని పేరును ఒక్కమారైనను వ్రాసియెఱుగము. ఇకమీదట ఈ సంచికయందు మన బాలుర పందెముల ఫలితములు అచ్చగునపుడు పరుగెత్తిన వారందఱి పేరులును, వారి కాలములును చేర్పవలసినదిగా కార్యదర్శిగారిని ప్రార్థించుచున్నాము.