జీడిపప్పులో జీడి ఎవరు?

వానలు మొదలయ్యాయంటే మా ఇంట్లో సాయంత్రం నాలుగయ్యేసరికి ఒక్కొక్కరే వంటింట్లోకి తొంగి చూస్తారు. రోజూ బజ్జీలు వేయలేం కదా. అందుకే ఒక సీసాడు కారం జీడిపప్పు వేయించి పెట్టుకుంటాను. మొన్న అలా వేయిస్తుంటే మా అమ్మాయి అడిగింది, "పప్పు సరే, జీడి అంటే ఏంటమ్మా?" అని.

మా అశ్వారావుపేట, దమ్మపేట వైపు పెరిగినవాళ్ళకి దీని జవాబు అడవిలో దొరుకుతుంది. జీడి అని ఒక చెట్టుంది, నల్లజీడి అంటారు. దాని గింజలో నల్లటి రసం. ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది, గుడ్డకి అంటితే ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. ఆ పోని మరకతోనే రజకులు ఎవరి బట్ట ఎవరిదో గుర్తు పెట్టేవారు.

జీడిమామిడి తర్వాత వచ్చిన చుట్టం. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ నుంచి మన దేశానికి తెచ్చారు. దాని గింజ పెంకులోనూ ఒళ్ళు కాల్చే రసమే ఉంది. నాకైతే పేరులోనే కథంతా కనిపిస్తుంది: జీడిలా కాలుస్తుంది, మామిడిలా పండు కాస్తుంది. శాస్త్రజ్ఞులు కూడా మామిడి, నల్లజీడి, జీడిమామిడి, పిస్తా, మన సారచెట్టు అన్నిటినీ ఒకే కుటుంబంలో కలిపారు. (జీడిపప్పు పడని పిల్లలకి పిస్తా కూడా పడకపోవచ్చు. డాక్టరుని అడిగాకే పెట్టండి.)

జీడిమామిడి రాకముందు నుంచీ మన అడవికి తనదైన పప్పు ఉంది, సారపప్పు. భద్రాచలం అడవుల్లో కోయలు, కొండరెడ్లు ఎండాకాలంలో సారపండ్లు ఏరుతారు. నానబెట్టి, తోలు పులిమి, ఎండబెట్టి, పెంకు పగలగొడితే లోపల ఉండేది కందిగింజంత పప్పు. ఇలాంటి అడవి సరుకుని సంతల్లో దళారులు అగ్గువకి లాగేసుకోకుండా 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టారు. అప్పటికి భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, 1959లో ఖమ్మంలో కలిసింది. కొట్లో సారపప్పు ధర విని "అమ్మో" అనేవాళ్ళు ఒక్క గుప్పెడు గింజలు కొట్టి చూడాలి.

జీడిగింజల సంగతి ఇంకా కష్టం. మా అమ్మమ్మ పెరట్లో పగిలిన కుండపెంకులో వాటిని కాల్చేది. నూనె చిటపటమని ఎగిరి మంట లేచేది, పిల్లల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. తర్వాత అమ్మ చేతులకి బూడిద రాసుకుని ఒక్కొక్కటీ కొట్టేది. ఎండాకాలమంతా అదే పని, కూలికి కూడా. నా పెళ్ళి అయింది వేసవిలోనే. కన్యాదానానికి నీళ్ళు పోస్తున్న ఫోటోలో అమ్మ వేళ్ళకొసలు నల్లగా ఉంటాయి. పసుపు, సున్నిపిండి, నిమ్మచెక్క అన్నీ రుద్దింది పాపం. అప్పట్లో ఆ ఫోటో చూస్తే నాకు చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు ఆల్బంలో ముందు అదే తీస్తాను.

ఇప్పుడు ఆ దారిలో వెళ్తే పామాయిల్ తోటలే ఎక్కువ. ఉన్న జీడితోటలూ పాతబడ్డాయి.

సరే, వేయించే పద్ధతి. పావుకిలో పప్పుకి మందపాటి మూకుడు, సన్నసెగ, ఒక చెంచా నెయ్యి. పది నిమిషాలు కలుపుతూనే ఉండాలి. కాస్త రంగు తిరుగుతుండగానే దించేయండి, వేడికి ఇంకా ఎర్రబడుతుంది. అదే మూకుట్లో కరివేపాకు గలగలలాడేదాకా వేయించి నలిపి, ఉప్పు, మిరియాలపొడి, చిటికెడు కారం కలిపి పప్పుకి పట్టించాలి. చిన్నపిల్లలకైతే కారం బదులు వేయించిన జీలకర్రపొడి. పూర్తిగా ఆరాకే సీసాలో పోయాలి, లేకపోతే మెత్తబడుతుంది. బలమైన తిండే, కానీ వంద గ్రాములకి 550 కేలరీలు దాటుతుంది. అందుకే మా ఇంట్లో తలా పది పలుకులు.

అమ్మకి మాత్రం లెక్కపెట్టను.