కోర్టు వేలంలో డిపాజిట్ సొమ్ముపై వడ్డీ హక్కు

డిక్రీ అమలు కోసం కోర్టు ఒక స్థిరాస్తిని వేలం వేసినప్పుడు రెండు రకాల సొమ్ము కోర్టుకు చేరుతుంది. ఒకటి పాటదారు కట్టే కొనుగోలు సొమ్ము. రెండోది, జరిగిన అమ్మకాన్ని రద్దు చేయించుకోవడానికి బాకీదారు కట్టే సొమ్ము. ఈ సొమ్ము కోర్టు అధీనంలో ఉన్న కాలానికి వడ్డీ ఎవరికి దక్కుతుంది, ఏ సందర్భంలో దక్కుతుంది అన్నది భారత సివిల్ న్యాయంలో 1859 నుంచి క్రమంగా రూపుదిద్దుకున్న అంశం. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పడమటి ప్రాంతంలో ఆత్మకూరు, ఉదయగిరి సివిల్ కోర్టులు నడిపే వేలాలకు కూడా 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 21వ ఆర్డరే ఆధారం. ఈ చట్టం ప్రకారం డిపాజిట్‌పై వడ్డీ దానంతటదే రాదు. కొన్ని సందర్భాల్లో దాని స్థానంలో నిర్ణీత పరిహారం ఉంటుంది, మరికొన్నింట్లో అది కోర్టు విచక్షణకు వదిలిన విషయం.

నేపథ్యం

1801లో ఆర్కాటు నవాబు నుంచి నెల్లూరు సీమ ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వచ్చింది. అప్పటి నుంచి 1953 వరకు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో భాగం. ఈ ప్రాంతపు హైకోర్టు 1954 జులైలో గుంటూరుకు, 1956లో హైదరాబాదుకు, 2019 జనవరి 1న అమరావతికి మారింది. ఏ ఊళ్లో భూమి ఉంటే ఆ ఊరిపై అధికారం ఉన్న కోర్టు వేలం జరపడం సాధారణ పద్ధతి. అందువల్ల నెల్లూరులో పుట్టిన డిక్రీ అయినా, భూమి ఆత్మకూరు వైపు ఉంటే అమలు కోసం అక్కడి కోర్టుకు బదిలీ అవుతుంది. మెట్ట పొలాలు ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో ప్రామిసరీ నోటు, తనఖా బాకీలకు చివరి పూచీ భూమే.

చట్టం ఎదిగిన తీరు

1859 నాటి తొలి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే, అమ్మకం రద్దయితే కొనుగోలుదారుకు సొమ్ము వడ్డీతోగానీ వడ్డీ లేకుండాగానీ తిరిగి ఇప్పించవచ్చనే సూత్రం ఉంది. 1877, 1882లలో కోడ్ మారినా ఆ మాట నిలిచింది. బాకీదారుకు మాత్రం పాట ముగిశాక భూమిని తిరిగి దక్కించుకునే సులువైన దారి ఉండేది కాదు. 1894లో చేసిన సవరణ ఆ దారి తెరిచింది. డిక్రీదారుకు, అంటే డిక్రీ పొందిన పక్షానికి, రావలసిన బాకీతో పాటు పాట ధరలో 5 శాతం కొనుగోలుదారుకు కడితే అమ్మకం రద్దవుతుంది. 1908 కోడ్‌లో ఇదే 21వ ఆర్డరు 89వ రూలు అయింది.

మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1938లో తెచ్చిన వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం మరో అడుగు వేసింది. పాత బాకీలపై పేరుకున్న వడ్డీని కోసివేయడమే కాక, 1937 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ డిక్రీ అమలులో అమ్ముడైన రైతుల ఆస్తి విషయంలో అమ్మకాన్ని రద్దు చేయమని అడిగే అవకాశం ఇచ్చింది. నాటి నెల్లూరు జిల్లా రైతులకు కూడా ఈ చట్టం వర్తించింది.

సొమ్ము నడిచే దారి

వేలం దండోరాతో, ప్రకటనతో మొదలవుతుంది. పాట తనదయిన వెంటనే హెచ్చు పాటదారు ధరలో 25 శాతం కట్టాలి. మిగతా 75 శాతాన్ని 15వ రోజు కోర్టు మూసేలోపు జమ చేయాలి. ఈ గడువు తప్పనిసరి అని, తప్పితే అసలు అమ్మకమే లేనట్టని సుప్రీం కోర్టు 1954లో మణిలాల్ మోహన్‌లాల్ షా కేసులో తేల్చింది. అప్పుడు ముందు కట్టిన సొమ్మును, ఖర్చులు పోను, ప్రభుత్వానికి జప్తు చేయవచ్చు. ఆస్తిని మళ్లీ వేలం వేస్తారు. డిక్రీదారే అనుమతితో పాడుకుంటే తన బాకీని ధరలో సర్దుబాటు చేసుకోవచ్చు. సర్దుబాటైన మేరకు అతడు నగదు కట్టడు కాబట్టి దానిపై డిపాజిట్ వడ్డీ ప్రశ్నే రాదు.

ఎవరికి ఏమి దక్కుతుంది

89వ రూలు కింద అమ్మకం రద్దయినప్పుడు కొనుగోలుదారుకు తాను కట్టింది తిరిగి వస్తుంది, దానికి తోడు 5 శాతం అదనంగా దక్కుతుంది. ఈ శాతం అతడు నిజంగా కట్టిన మొత్తంపై కాక మొత్తం పాట ధరపై లెక్కిస్తారు. రూ. 10 లక్షల పాటకు పరిహారం రూ. 50 వేలు. సొమ్ము రెండు నెలలే ఇరుక్కుపోయి ఉంటే ఇది ఏడాదికి దాదాపు 30 శాతం వడ్డీతో సమానం. డిక్రీదారుకు ఈ రూలు కింద దక్కేది వేలం ప్రకటనలో చూపిన మొత్తం. ప్రకటనలో చేరని వడ్డీ, ఖర్చుల బాధ్యత మాత్రం బాకీదారుపై అలాగే నిలిచి ఉంటుందని అదే రూలు స్పష్టంగా చెబుతుంది.

మోసం, ముఖ్యమైన లోపం, లేదా బాకీదారుకు ఆ ఆస్తిలో అమ్మదగ్గ హక్కే లేకపోవడం వంటి కారణాలతో రద్దయితే లెక్క వేరు. 93వ రూలు ప్రకారం కొనుగోలుదారు తన ధరను, కోర్టు నిర్ణయాన్నిబట్టి వడ్డీతోగానీ వడ్డీ లేకుండాగానీ, ఆ సొమ్ము ఎవరికి చెల్లించారో వారి నుంచి తిరిగి పొందవచ్చు. డిక్రీదారు అప్పటికే తీసుకుని ఉంటే ఉత్తర్వు అతని మీదే ఉంటుంది. రూ. 10 లక్షలపై మూడేళ్లకు 6 శాతం సాధారణ వడ్డీ వేస్తే రూ. 1.8 లక్షలు. కోర్టు వడ్డీ వద్దంటే ఏమీ రాదు.

డిక్రీయే పై కోర్టులో కొట్టివేతకు గురైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 144వ సెక్షన్ కింద నష్టపోయినవారికి పూర్వస్థితి, వడ్డీతో సహా, కల్పించవచ్చు. కోర్టు చర్య వల్ల ఎవరూ నష్టపోకూడదన్న సూత్రం 1871 నాటి ప్రివీ కౌన్సిల్ తీర్పు నుంచి ప్రసిద్ధం. అయితే వ్యాజ్యంతో సంబంధం లేకుండా సదుద్దేశంతో పాడుకున్న బయటివారి కొనుగోలుకు రక్షణ ఉంటుందని 1887లో ప్రివీ కౌన్సిల్, 1990లో సుప్రీం కోర్టు చెప్పాయి. డిక్రీదారే కొని ఉంటే ఆ రక్షణ లేదు.

గడువుపై వివాదం

1976 సవరణతో రద్దు దరఖాస్తుకు లిమిటేషన్ చట్టంలోని గడువు 30 రోజుల నుంచి 60 రోజులైంది. కానీ డిపాజిట్ గడువు సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ రూలులో 30 రోజులుగానే ఉండిపోయింది. సుప్రీం కోర్టు 1990లో పి.కె. ఉన్ని కేసులో 30 రోజుల గడువునే ఖాయం చేసింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన దాడి జగన్నాథం, జమ్ముల రాములు కేసులో 2001లో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. 30 రోజులు దాటినా 60 రోజుల్లోపు వచ్చిన డిపాజిట్‌ను అంగీకరించే వీలు కోర్టుకు ఉందని చెప్పింది. 2002 జులై 1 నుంచి అమలైన సవరణ 92వ రూలును కూడా 60 రోజులకు మార్చి రెండు గడువులనూ కలిపింది. ఈ మార్పు రైతుకు భూమిని విడిపించుకునే సమయాన్ని పెంచింది. ఆ మేరకు పాటదారు సొమ్ము చిక్కుకుపోయే కాలం కూడా పెరిగింది.

ఖజానాలో ఉన్న సొమ్ము

రాజ్యాంగం 284వ అధికరణ ప్రకారం వ్యాజ్యదారులు కోర్టులో జమ చేసిన సొమ్ము ప్రభుత్వ ఖాతాలోకి చేరాలి. చలానాతో ఖజానాలో చేరిన సివిల్ కోర్టు డిపాజిట్ మామూలుగా వడ్డీ తేదు. దీర్ఘకాలం పట్టే వివాదాల్లో సొమ్మును జాతీయీకృత బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంచమని కోర్టును కోరే అలవాటు అందుకే వచ్చింది. అడగకపోతే ఏళ్ల తరబడి అదే అంకె మిగులుతుంది.

డిక్రీ వడ్డీ ఎప్పుడు ఆగుతుందన్నదీ దీనికి సంబంధించిన ప్రశ్నే. బాకీదారు బాకీ తీర్చడానికి షరతు లేకుండా కట్టి నోటీసు ఇస్తే, 21వ ఆర్డరు 1వ రూలు ప్రకారం నోటీసు అందిన నాటి నుంచి ఆ సొమ్ముపై వడ్డీ ఆగుతుంది. స్టే కోసం కట్టిన డిపాజిట్ బాకీ తీర్చినట్టు కాదని 1968లో సుప్రీం కోర్టు రామనాథన్ చెట్టియార్ కేసులో చెప్పింది.

పోల్చదగిన చట్టాలు

ఆత్మకూరుకు సమీపాన అనంతసాగరం మండలంలోని సోమశిల ప్రాజెక్టు వంటివాటికి జరిగిన భూసేకరణ 1894 నాటి భూసేకరణ చట్టం కింద నడిచింది. అక్కడ పరిహారం పెరిగినప్పుడు మొదటి ఏడాదికి 9 శాతం, ఆ తర్వాత 15 శాతం వడ్డీని చట్టమే నిర్ణయించింది. సొమ్ము కోర్టులో జమ అయ్యే వరకు అది నడిచేది. బ్యాంకుల బాకీ వసూలుకు వాడే ఆదాయపు పన్ను చట్టం రెండో షెడ్యూలు, అమ్మకం రద్దయినప్పుడు కొనుగోలుదారుకు వసూలు అధికారి అనుమతించిన వడ్డీ ఇవ్వాలంటుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద జరిగే అమ్మకాల్లోనూ పాట ధరలో 25 శాతం ముందుగా కట్టాలి. మిగతాది గడువులోపు కట్టకపోతే కట్టినదాన్ని జప్తు చేయవచ్చని 2024లో సుప్రీం కోర్టు సమర్థించింది. భూసేకరణ చట్టం ఇచ్చిన వడ్డీ హక్కు, సివిల్ వేలంలో కోర్టు ఇష్టానికి వదిలిన వడ్డీ పక్కపక్కన ఒకే కోర్టు రికార్డుల్లో కనిపించడం ఈ అంశంలోని ప్రధాన వైరుధ్యం.