హావో పాటకు గిటారు తోడు: రూబెన్ మషాంగ్వా ప్రస్థానం

2021లో పద్మశ్రీ జాబితా వచ్చినప్పుడు మనమంతా ఒక్క పేరు చూసి సంబరపడ్డాం. అది మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారి పేరు. అదే జాబితాలో మణిపూర్ నుంచి మరో ఆదివాసీ కళాకారుడున్నారు. ఆయనే రూబెన్ మషాంగ్వా. మన గూడేల్లో ఆయన గురించి తెలిసినవారు తక్కువ. కానీ ఆయన దాటి వచ్చిన కష్టం ఇప్పుడు మన గుమ్మంలోనూ ఉంది.

రూబెన్ గారిది ఉఖ్రుల్ జిల్లా చోయిథార్ గ్రామం, తంగ్‌ఖుల్ నాగా తెగ. తంగ్‌ఖుల్‌లు తమను హావో అని కూడా చెప్పుకుంటారు. 1896లో విలియం పెటిగ్రూ అనే బాప్టిస్టు మిషనరీ ఉఖ్రుల్ చేరారు. బడి వచ్చింది, భాషకు రోమన్ లిపి వచ్చింది. అవి చిన్న మేళ్లు కావు. అయితే మతం మారడంతో పాత పండుగలు పోయాయి, వాటితో ముడిపడిన పాటలూ పోయాయి. చర్చి కీర్తనలు, ఆ తర్వాత గిటారు వచ్చాయి. చివరికి హావో పాట ముసలివాళ్ల నోటనే మిగిలింది.

రూబెన్ గారు కూడా బాబ్ డిలన్, బాబ్ మార్లే పాటలు విని పెరిగినవారే. ఆయన గిటారును వదల్లేదు. గిటారుతోనే ఊరూరా తిరిగి, పెద్దల పక్కన కూర్చుని పాత పాటలు నేర్చుకున్నారు. అక్కడ ఒక చిక్కు వచ్చింది. తంగ్‌ఖుల్‌ల టింగ్‌టేలా కమానుతో వాయించే తీగ వాయిద్యం. మన ప్రధాన్, తోటి అన్నదమ్ముల కిక్రీకి చుట్టమనుకోవచ్చు. దాని శ్రుతి గిటారుతో కలవదు. దాన్ని పక్కన పెట్టేయడం సులువు. ఆయన మాత్రం ఏళ్ల తరబడి పనిచేసి, రెండూ కలిసి పలికేలా దాన్ని మలిచారు. యాంకహుయి అనే వెదురు పిల్లనగ్రోవినీ అలాగే సరిచేశారు. ఆ కలయికనే నాగా ఫోక్ బ్లూస్ అంటున్నారు.

సినిమా పాటల దారి పట్టకుండా, తన పాట తానే కట్టుకుని పాడే ఇలాంటివారిని ఇప్పుడు ఇండీ కళాకారులు అంటున్నారు. ఆయన తంగ్‌ఖుల్‌లోనూ ఇంగ్లీషులోనూ పాడతారు. చిన్నతనం నుంచే కొడుకు సాకాను వేదిక ఎక్కించారు. తండ్రీకొడుకులిద్దరూ పాతకాలపు హావో క్షవరంతోనే కనిపిస్తారు. ఓయినం డోరెన్ ఆయనపై 'సాంగ్స్ ఆఫ్ మషాంగ్వా' అనే డాక్యుమెంటరీ తీశారు.

వాయిద్యాన్ని మారిస్తే అది మనదిగా ఉంటుందా అని పెద్దలు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కానీ గోడకు వేలాడే కిక్రీ ఎంత అసలైనదైనా పాడలేదు కదా! పాత పాట నేర్వకుండా చేసిన మార్పు వేరు, నేర్చుకుని చేసిన మార్పు వేరు. రూబెన్ గారు ముందు శిష్యుడయ్యారు, ఆ తర్వాతే మార్చారు.

కనకరాజు గారు 2024 అక్టోబరులో మనల్ని విడిచి వెళ్లారు. ఆయన నేర్పిన అడుగు శిష్యుల కాళ్లలో ఉంది. మరి కిక్రీ పట్టే చేతులు మన గూడేల్లో ఎన్ని మిగిలాయి? గిటారు, కీబోర్డు నేర్చుకుంటున్న మన పిల్లలను మేము తప్పుపట్టం. వాళ్లను అడిగేది ఒక్కటే. ఈ దండారికి డీజే పెట్టకముందు, ఒక్క సాయంత్రం కిక్రీ తాత దగ్గర కూర్చోండి.